పేరు ఒకటి, మొక్కలు ఆరు: జీలకర్ర, షాజీరాల గుర్తింపు

అనకాపల్లి జిల్లా నక్కపల్లి ప్రాంతంలో ఏ ఇంట పెళ్ళి జరిగినా, సుముహూర్త సమయంలో వధూవరులు తమలపాకులో ఉంచిన జీలకర్ర బెల్లాన్ని ఒకరి తలపై ఒకరు ఉంచుతారు. ఆ ముద్దలోని బెల్లం సాధారణంగా ఆ జిల్లా చెరకుదే. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశమంతటా పేరెన్నిక గన్నది. 1913లో అక్కడ చెరకు పరిశోధన కోసం నెలకొల్పిన కేంద్రమే నేటి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. బెల్లంతో జతకట్టే జీలకర్ర మాత్రం గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాల మెట్ట భూములలో పండి, ఎక్కువగా మెహసాణా ప్రాంతంలోని ఊంఝా మార్కెట్టు మీదుగా, వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం దాటి నక్కపల్లి కిరాణా దుకాణానికి చేరుతుంది. ఒకే ముద్దలో ఒదిగిన ఈ రెండు పదార్థాలలో బెల్లం పుట్టుపూర్వోత్తరాలు అక్కడి రైతుకు కరతలామలకం. జీలకర్ర విషయంలో ఆ పరిచయం గింజ దగ్గర ఆగిపోతుంది. మొక్కను చూసినవారు అరుదు.

మొక్కతో పరిచయం లేనిచోట పేరే ఆధారమవుతుంది. పేరు పలు వస్తువులకు చెందినదైనప్పుడు ఆ ఆధారం జారిపోతుంది. షాజీరా అంటే నల్లని జీలకర్రేనా అన్నది గృహిణి సందేహం. నల్ల జీలకర్ర కషాయం కాచుకొమ్మంటే ఏ గింజ కొనాలన్నది వృద్ధుని సందేహం. జీలకర్రకు అంత ధర పలుకుతున్నప్పుడు కొబ్బరి, జీడి తోటల నడుమ ఒక ఎకరం వేసి చూడవచ్చునా అన్నది రైతు సందేహం. ఈ మూడు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపించినా మూడింటికీ ముందుగా చెప్పవలసిన సమాధానం ఒక్కటే: అడుగుతున్నది ఏ మొక్కను గురించి? ఆ నిర్ధారణ జరగకుండా ఇచ్చే సలహా రుచిని పాడుచేయవచ్చు, ఆరోగ్యానికి చేటు తేవచ్చు, ఒక రబీ పెట్టుబడిని మట్టిపాలు చేయవచ్చు.

పేరులోని చిక్కు

తెలుగులో జీలకర్ర అన్న మాట ఒంటరిగా వాడినప్పుడు సందిగ్ధం లేదు. అది కుమినం సైమినం. సంస్కృతంలో జీరకం, హిందీలో జీరా. జీర్ణం అన్న మాటకూ జీరకానికీ ధాతువు ఒక్కటేనని వైయాకరణులు చెబుతారు. ఆ మాట ముందు ఒక విశేషణం చేరగానే చిక్కు మొదలవుతుంది.

షాజీరా అన్నది పారసీక పదబంధం. రాజయోగ్యమైన జీలకర్ర అని దాని భావం. ఆ పేరుకు నిజంగా తగిన మొక్క బునియం పెర్సికం. హిమాలయాలలోని కిన్నౌర్, పాడర్, గురేజ్ వంటి ఎత్తైన లోయలలో సహజంగా పెరిగే బహువార్షికం ఇది. ఇటీవలి వర్గీకరణలో దీనిని ఎల్వెండియా పెర్సికా అంటున్నారు. అయితే అదే షాజీరా పేరుతో దుకాణాలలో కేరం కార్వి అనే మరొక మొక్క గింజ కూడా అమ్ముడవుతున్నది. ఆంగ్లంలో కారవే అని పిలిచేది దీనినే. పాత వస్తుగుణ గ్రంథాలలో సీమసోపు వంటి పేర్లు దీనికి ఉన్నా అవి వాడుకలో నిలువలేదు. ఫలితంగా యూరపు వంటింటి కారవేకు తెలుగునాట తనదైన పేరు లేక, షాజీరా పేరును అరువు తెచ్చుకొని బతుకుతున్నది.

నల్ల జీలకర్ర అన్న పేరు పరిస్థితి మరింత క్లిష్టం. కొందరు షాజీరానే అలా పిలుస్తారు. మరికొందరికి అది కలోంజి, అంటే నైజెల్లా సటైవా. ఈ మొక్క జీలకర్ర కుటుంబానికి చెందినదే కాదు. జీలకర్ర, కారవే, బునియం మూడూ ధనియాలు, వాము, సోపులతో పాటు ఏపియేసి కుటుంబంలోనివి. నైజెల్లా రానన్‌క్యులేసి కుటుంబంలోనిది. పేరులో రంగు మాత్రమే ఉన్నందున, నల్లగా ఉన్న ప్రతి గింజా ఆ పేరుకు హక్కుదారు అయింది.

పెద్ద జీలకర్ర అని కొన్ని చోట్ల సోపును, అంటే ఫోనికులం వల్గేర్‌ను అంటారు. తమిళంలోని పెరుంజీరగం కూడా ఇదే భావం గల పేరు. ఇక అడవి జీలకర్ర వెర్నోనియా యాంథెల్మింటికా. ఇది పొద్దుతిరుగుడు కుటుంబమైన ఆస్టరేసికి చెందిన చేదు ఔషధ మొక్క. హిందీలో దీనిని కాలీజీరీ అంటారు. కాలా జీరాకూ కాలీజీరీకీ మధ్య ఉన్న తేడా చెవికి ఒకటి రెండు అచ్చుల పాటిదే. ఇలా జీలకర్ర అన్న ఒక్క మాట నీడన మూడు కుటుంబాలకు చెందిన ఆరు మొక్కలు చేరాయి.

ఈ గందరగోళం నిన్నమొన్నటిది కాదు. ఆయుర్వేదంలో భావప్రకాశం జీరకం, కృష్ణజీరకం, ఉపకుంచిక అని మూడింటిని వేరుపరచి చెప్పింది. వేరుపరచి చెప్పవలసి వచ్చిందంటేనే అవి కలిసిపోయే అవకాశం ఆనాటికే ఉన్నదని అర్థం. నేటి చట్టపరమైన ప్రమాణాలలోనూ జాగ్రత్తగా చదువవలసిన చోటు ఉన్నది. 2011 నాటి ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనలలో జీలకర్ర, కారవే, కలోంజిలకు వేర్వేరు నిర్వచనాలు ఉన్నాయి. అక్కడ ఆంగ్లంలో నల్ల క్యుమిన్ అన్న శీర్షిక కింద ఉన్నది నైజెల్లా సటైవా. పరిశోధన పత్రాలలో అదే నల్ల క్యుమిన్ అన్న పేరు చాలా తరచుగా బునియం పెర్సికంకు వాడబడుతున్నది. ఒకే ఆంగ్ల నామం చట్టంలో ఒక మొక్కను, పత్రికలో మరొక మొక్కను సూచిస్తున్నప్పుడు, విద్యార్థి శాస్త్రీయ నామం చూడకుండా ఫలితాలను ఉటంకించడం ప్రమాదకరం.

అరచేతిలో గింజ

ఈ మొక్కలను వేరుపరచడానికి ప్రయోగశాల అవసరం లేదు. పదిరెట్లు పెద్దదిగా చూపే చేతి కటకం, తెల్ల కాగితం, పగటి వెలుతురు చాలు. ముందుగా గుర్తుంచుకోవలసినది, ఏపియేసి కుటుంబంలో మనం గింజ అనే భాగం వృక్షశాస్త్ర రీత్యా ఎండిన ఫలం. అది పక్వమైన తరువాత రెండు అర్ధఫలాలుగా విడిపోతుంది. ఎంతమేరకు విడిపోతుందన్నదే మొదటి ఆనవాలు.

జీలకర్రలో రెండు అర్ధఫలాలు తరచుగా అతుక్కొనే ఉంటాయి, చివరన సన్నని కాడ కూడా మిగిలి ఉంటుంది. పొడవు సుమారు 4 నుండి 6 మిల్లీమీటర్లు. ఆకారం దాదాపు నిటారు, రెండు కొనలా సన్నగిల్లుతుంది. రంగు పసుపు కలిసిన గోధుమ లేదా బూడిద కలిసిన ఆకుపచ్చ. కటకం కింద చూస్తే గట్ల మీద పొట్టి నూగు కనిపిస్తుంది. ఈ నూగే నిర్ణాయక లక్షణం. చేతితో తడిమితే జీలకర్ర కాస్త గరుకుగా తగలడానికి కారణం ఇదే.

కారవేలో అర్ధఫలాలు దాదాపు ఎల్లప్పుడూ విడిపోయి ఉంటాయి. ఒక్కొక్కటి నెలవంక వలె వంగి ఉంటుంది. ముదురు గోధుమ రంగు దేహం మీద లేతరంగులో ఐదు గట్లు స్పష్టంగా తేలి కనిపిస్తాయి. నూగు ఉండదు, పైభాగం నునుపు. బునియం కూడా విడిపోయి, కొద్దిగా వంగి, నూగు లేకుండా ఉంటుంది. అందువలన కారవేతో సులభంగా కలిసిపోతుంది. అయితే ఇది మరింత సన్నన, మరింత ముదురు రంగు, గట్లకూ వాటి మధ్య పల్లాలకూ రంగులో అంత తేడా ఉండదు. కంటికి అనుమానం మిగిలితే ముక్కు తీర్చగలదు. ఆ సంగతి తరువాతి భాగంలో వివరించబడింది.

నైజెల్లాను ఒక్కసారి శ్రద్ధగా చూసినవారు మరల పొరబడరు. ఇది కాయలో నుండి రాలే నిజమైన విత్తనం. మసి నలుపు, కోణాలు తేలిన ఆకారం, ముడతలు పడిన పైభాగం. పొడవాటి గట్లు ఉండవు. ఉల్లి విత్తనాన్ని పోలి ఉండటం వలన దీనిని ఉల్లి విత్తనమని పొరబడటమూ ఉన్నది. అడవి జీలకర్ర గింజ ముదురు గోధుమ నుండి నలుపు వరకు ఉంటుంది. పొడవునా సుమారు పది గట్లు, ఒక చివర చదునుగా కోసినట్లుండి, అక్కడ కేశగుచ్ఛపు ఆనవాలు మిగులుతుంది. సుగంధం లేదు, నాలుకకు తీవ్రమైన చేదు. సోపు మిగిలినవాటికన్నా లావు, పొడవు, లేత ఆకుపచ్చ, తీపి.

కల్తీ పరీక్ష దీనికి భిన్నమైనది. జీలకర్రలో బొగ్గుపొడితో రంగు పట్టించిన గడ్డి గింజలు కలిపి ఉంటే, గుప్పెడు గింజలను అరచేతుల మధ్య నలిపినప్పుడు చేతికి నలుపు అంటుతుంది. ఆహార భద్రతా సంస్థ ప్రజలకు సూచించిన పరీక్షలలో ఇది ఒకటి. కల్తీ మోసం, పేరు మార్పిడి పొరపాటు. రెండింటికీ పరిష్కారాలు వేరు కనుక విస్తరణ కార్యకర్త వాటిని కలగలపరాదు.

వాసన చెప్పే సాక్ష్యం

జీలకర్ర సుగంధానికి ప్రధాన కారణం క్యుమినాల్డిహైడ్. దానితో పాటు గామా టెర్పినిన్, బీటా పైనిన్, పారా సైమిన్ వంటివి ఉంటాయి. వేడి నూనె తగలగానే ఘాటుగా, మట్టివాసన కలిసిన వెచ్చదనంతో గది నిండేది ఈ సమ్మేళనాల వలననే. కారవే సుగంధానికి మూలం కార్వోన్, దాని తోడు లిమోనిన్. రెండూ కలిసి ఆ తైలంలో అత్యధిక భాగం ఆక్రమిస్తాయి. లిమోనిన్ నారింజ తొక్కలో ఉండేదే. అందువలన కారవేను నలిపినప్పుడు శతపుష్పాన్ని, నిమ్మజాతి తొక్కను, కాస్త పుదీనాను తలపించే చల్లని వాసన వస్తుంది.

ఇక్కడ విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. కారవేలోని కార్వోన్, స్పియర్‌మింట్ అనే పుదీనా రకంలోని కార్వోన్ ఒకే అణుసూత్రం కలవి, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల వంటివి. కారవేలో ఉన్నది ఎస్ రూపం, ఆ పుదీనాలో ఉన్నది ఆర్ రూపం. మానవ ఘ్రాణేంద్రియం ఈ రెంటినీ రెండు వేర్వేరు వాసనలుగా పసిగడుతుంది. కారవే కార్వోన్‌కు మరొక వ్యవసాయ ప్రయోజనం కూడా ఉన్నది. నిల్వలోని బంగాళాదుంపలు మొలకెత్తకుండా నిరోధించడానికి నెదర్లాండ్స్‌లో దీనిని వినియోగించారు.

బునియం తైలంలో గామా టెర్పినిన్, పారా సైమిన్, క్యుమినాల్డిహైడ్ ప్రముఖంగా కనిపిస్తాయి. అంటే అసలైన షాజీరా రూపంలో కారవేకు దగ్గర, వాసనలో జీలకర్రకు దగ్గర. చిక్కుముడి అంతా విడిపోయే చోటు ఇదే. కంటితో చూసినవారు దానిని కారవే వర్గంలో చేర్చారు. వంట చేసినవారు వాసన బట్టి జీరా అన్నారు. ఇద్దరూ తమ తమ ఇంద్రియాల మేరకు సత్యమే చెప్పారు. కాబట్టి షాజీరా పొట్లంలో ఉన్నది ఏదో తేల్చడానికి పది గింజలు వేళ్ళతో నలిపి చూడటమే సులువైన మార్గం. జీలకర్రను పోలిన, కాని మరింత సున్నితమైన వాసన వస్తే బునియం. శతపుష్పం వాసన, నారింజ తొక్క చాయ తగిలితే కారవే. బునియం ధర కారవే ధరకు పలు రెట్లు ఉంటుంది కనుక ఈ నిర్ధారణకు ఆర్థిక ప్రాముఖ్యం కూడా ఉన్నది. హిమాచల్ ప్రదేశ్ కాలా జీరాకు భౌగోళిక గుర్తింపు లభించడానికి నేపథ్యం కూడా ఈ విలువే.

ఇతర భాషలలో ఇదే కథ

పేర్ల కలయిక తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. ప్రాచీన సెమిటిక్ భాషలలోని కమ్మూన్ అన్న మాట గ్రీకులో కుమినోన్‌గా, లాటిన్‌లో కుమినుమ్‌గా మారింది. అది జీలకర్ర పేరు. ఆ పేరు ఉత్తర యూరపుకు ప్రయాణించినప్పుడు అక్కడ జీలకర్ర పండదు. స్థానికంగా పండే కారవేకు ఆ పేరు అతుక్కుపోయింది. అందుకే జర్మన్‌లో క్యుమ్మెల్ అంటే కారవే. జీలకర్రను క్రాయిట్స్‌క్యుమ్మెల్ అనాలి. స్వీడిష్‌లో కుమ్మిన్ అంటే కారవే, జీలకర్రకు స్పీస్‌కుమ్మిన్ అని వేరే పేరు. ఫిన్నిష్ కుమినా, చెక్ క్మీన్ కూడా కారవేనే సూచిస్తాయి. కారవే అన్న ఆంగ్లపదం మాత్రం అరబిక్ కరావియా నుండి వచ్చింది.

చదువుకో ఉద్యోగానికో జర్మనీ, స్వీడన్ దేశాలకు వెళ్ళిన తెలుగు యువతకు ఇది కేవలం భాషాశాస్త్ర విశేషం కాదు. అంగడిలో కుమ్మిన్ అన్న పేరు చదివి క్యుమిన్ అనుకొని కొన్న పొట్లంతో చారు పెడితే అది చారు వాసన రాదు. పోపు మాడిందనో, మిరియాలు పాతబడ్డాయనో అనుకొనే అవకాశం ఉన్నది. పొట్లం మీద శాస్త్రీయ నామం ముద్రించి ఉంటే ఒక్క చూపుతో సందేహం తీరుతుంది. వృక్షశాస్త్రంలో ద్వినామ పద్ధతికి పునాదిగా నిలిచిన లిన్నేయస్ 1753 నాటి గ్రంథంలోనే కుమినం సైమినం, కేరం కార్వి అన్న రెండు పేర్లూ స్థిరపడ్డాయి. రెండున్నర శతాబ్దాలు దాటినా ఆ సౌకర్యం వినియోగదారుని చేతికి పూర్తిగా అందలేదు.

వంటింటిలో ఏది ఎక్కడ

తెలుగు వంటలో జీలకర్ర పని మూడు విధాలు. పోపులో గింజగా, చారుపొడిలో మిరియాలతో కలిసిన పొడిగా, పచ్చళ్ళలో వెల్లుల్లితో నూరిన ముద్దగా. ఈ మూడింటిలోనూ క్యుమినాల్డిహైడ్ వెచ్చదనమే ప్రాణం. ఆ స్థానంలో కారవే వేస్తే వంటకం చెడిపోదు గాని, మరో వంటకంగా మారిపోతుంది. యూరపులో కారవే రై రొట్టెలోనూ, పులియబెట్టిన క్యాబేజీలోనూ, జున్నులోనూ ఇమిడిపోవడానికి కారణం, పులుపుతోనూ కొవ్వుతోనూ కార్వోన్‌కు బాగా పొత్తు కుదరడమే.

షాజీరాకు హైదరాబాదు బిర్యానీ, పలావులలో సుస్థిర స్థానం ఉన్నది. బియ్యం ఉడికే నీటిలోనో, నేతిలోనో కొద్దిగా వేస్తారు. బునియం తైలం సున్నితం కనుక ఎక్కువసేపు వేయించితే దాని విశేషం పోతుంది. జీలకర్రను మాత్రం పొడిగా దోరగా వేయించడం వలన సుగంధం పెరుగుతుంది. ఈ ఒక్క తేడా తెలిసినా, ఖరీదైన షాజీరాను పోపులో మాడ్చి వృథా చేయడం తప్పుతుంది. గృహవిజ్ఞాన విభాగపు శిక్షణలలో దీనిని ప్రదర్శించి చూపడం సులభం. ఏ గింజ అయినా పొడి చేసిన తరువాత తైలం త్వరగా ఆవిరవుతుంది. పొడిలో నూగు, గట్లు, వంపు అన్న ఆనవాళ్ళు కూడా మాయమవుతాయి. అందువలన గుర్తింపు రీత్యానూ నాణ్యత రీత్యానూ గింజగా కొనడమే మేలు.

నక్కపల్లి పొలంలో జీలకర్ర వేయవచ్చునా

2023లో జీలకర్ర ధర క్వింటాలుకు సుమారు 60,000 రూపాయల స్థాయికి చేరింది. అటువంటి వార్త విన్న రైతు తన పొలం వైపు ఆశగా చూడటం సహజం. సమాధానం చెప్పే ముందు ఆ పంట స్వభావాన్ని పరిశీలించాలి.

జీలకర్ర సుమారు 100 నుండి 120 రోజుల రబీ పంట. గుజరాత్, రాజస్థాన్‌లలో నవంబరులో విత్తి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోస్తారు. హెక్టారుకు 12 నుండి 15 కిలోల విత్తనం చాలు. నీరు నిలవని తేలికపాటి నేల, చల్లని పొడి వాతావరణం, మబ్బులేని ఆకాశం దీనికి కావాలి. పూత దశ నుండి గింజ కట్టే వరకు గాలిలో తేమ పెరిగినా, రెండు మూడు రోజులు మబ్బు పట్టినా ఆల్టర్నేరియా బర్న్సియై వలన కలిగే ఆకుమాడు తెగులు చేనంతా వ్యాపిస్తుంది. బూడిద తెగులు, పేనుబంక దానికి తోడవుతాయి. నేలలో నిలిచి ఉండే ఫ్యుజేరియం ఎండు తెగులు మరొక ఎడతెగని సమస్య. గుజరాత్ క్యుమిన్ 4 వంటి రకాలు ఎండు తెగులును కొంత తట్టుకోగలిగినందుననే విస్తృతంగా ఆదరణ పొందాయి. ఇంత అనుభవం ఉన్న రాజస్థాన్‌లోనే, జీలకర్ర వేయవద్దని భార్య భర్తను వేడుకొనే జానపద గేయం ప్రసిద్ధం. పంట సొంత గడ్డ మీదనే దానికి ప్రాణాంతకమన్న పేరు ఉన్నది.

నక్కపల్లి బంగాళాఖాత తీర మండలం. అక్టోబరు, నవంబరు నెలలు అక్కడ వాయుగుండాల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను ఆ ప్రాంతపు రైతుకు ఇంకా జ్ఞాపకమే. విత్తే సమయంలో నేల తడిసి ముద్దవుతుంది. డిసెంబరు, జనవరిలలో మంచు, సముద్రపు తేమగాలి ఉంటాయి. ఫిబ్రవరి చివరికి ఎండ ముదురుతుంది. అంటే పంటకు పొడిదనం కావలసినప్పుడు తేమ, చల్లదనం కావలసినప్పుడు వేడి. నేల ఎంత అనుకూలమైనా గాలిని మార్చడం సాధ్యం కాదు. కనుక తీర మండలాలలో జీలకర్రను వాణిజ్య పంటగా సిఫార్సు చేయరాదు. కుండీలో నాలుగు మొక్కలు మొలిచాయన్నది ఎకరా పంటకు రుజువు కాదన్న విషయం రైతుకు ఓపికగా వివరించాలి.

పక్కనే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ మండలాలను చూపి, చింతపల్లి చలిలో షాజీరా పండదా అని అడిగేవారూ ఉంటారు. ఇక్కడ కూడా ఏ షాజీరా అన్నదే మొదటి ప్రశ్న. బునియం విత్తనానికి గాఢమైన నిద్రావస్థ ఉంటుంది. అది తొలగడానికి దీర్ఘకాలం తడి చలి కావాలి. హిమాలయాలలో మంచు కప్పిన నెలలే ఆ పని చేస్తాయి. మొలిచిన తరువాత కూడా భూమిలో దుంప ఊరి, పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కారవేలో ద్వివార్షిక రకాలు మొదటి ఏడు ఆకుల గుత్తిగానే ఉండి, కొన్ని వారాల ఎడతెగని చలి అనుభవించిన తరువాతనే రెండవ ఏట పూస్తాయి. చింతపల్లి రాత్రుల చలి నిజమే గాని, పగటి ఉష్ణోగ్రత ఆ చలి ప్రభావాన్ని కొంత తుడిచివేస్తుంది. కారవేలో ఏకవార్షిక రకాలు కూడా ఉన్నందున పరిశోధన క్షేత్రంలో పరిశీలనకు అవకాశం ఉన్నది. ఆ పరిశీలన క్షేత్రంలో జరగాలి, గిరిజన రైతు ఖర్చుతో కాదు.

సుగంధ గింజల మీద నిజమైన ఆసక్తి ఉన్న రైతుకు తెలుగు రాష్ట్రాల అనుభవం చూపవలసిన దిశ వేరు. ధనియాలు, వాము రాయలసీమ, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలలో నిల్వ తేమతో పండుతున్నాయి. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం ధనియాలలో సింధు, సాధన, స్వాతి వంటి రకాలను అందించింది. ఇవన్నీ జీలకర్ర కుటుంబపు పంటలే. కుటుంబం ఒక్కటైనా తేమను, మబ్బును తట్టుకొనే శక్తి పంట పంటకూ మారుతుందని ఈ పోలిక తెలుపుతుంది. తీర మండలపు నిర్ణయం మాత్రం అక్కడి వాతావరణాన్ని బట్టే జరగాలి.

విత్తనం విషయంలో మరొక హెచ్చరిక అవసరం. కిరాణా పొట్లంలోని గింజ ఆహారం, విత్తనం కాదు. దాని వయస్సు, మొలక శాతం, రకం తెలియవు. జీలకర్రలో ఎండు తెగులు, ఆకుమాడు తెగులు విత్తనం ద్వారా కూడా వ్యాపించగలవు. పేరు తెలియని పొట్లాన్ని పొలంలో చల్లడం వలన పంట రాకపోవడమే కాక, లేని రోగం నేలలోకి చేరే ప్రమాదం ఉన్నది.

ఔషధంగా వాడినప్పుడు

వంటలో పొరపాటు జరిగితే పోయేది రుచి. మందులో జరిగితే పోయేది అంతకన్నా విలువైనది. నల్ల జీలకర్ర కషాయం తాగమని విన్న వ్యక్తి దుకాణంలో ఆ మాటే చెబితే, అతని చేతికి నైజెల్లా రావచ్చు, కారవే రావచ్చు, బునియం రావచ్చు. మూలికల అంగడిలో అయితే అడవి జీలకర్ర కూడా రావచ్చు. నైజెల్లాలో థైమోక్వినోన్ ప్రధాన క్రియాశీల పదార్థం. మిగిలినవాటి తైలాల స్వభావం వేరు. అడవి జీలకర్ర కడుపులోని నులిపురుగులకు వాడే మందు, వంట దినుసు కాదు. ఒక మొక్కపై జరిగిన పరిశోధన ఫలితాన్ని మరొక మొక్కకు అన్వయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. గర్భిణులు, దీర్ఘకాలిక రోగులు, నిత్యం మందులు వాడేవారు ఇటువంటి కషాయాలను వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు.

ఏపియేసి కుటుంబంలో పోలికల వలన కలిగే ప్రమాదానికి చరిత్రలోనే సాక్ష్యం ఉన్నది. సోక్రటీసు ప్రాణం తీసినదిగా చెప్పబడే హెమ్‌లాక్, అంటే కోనియం మాక్యులేటం, ఈ కుటుంబపు మొక్కే. దాని గొడుగు పూగుత్తి, చీలిన ఆకు కారవేను తలపిస్తాయి. చల్లని ప్రాంతాలలో అడవి నుండి గింజ సేకరించేవారికి ఇది నేటికీ వర్తించే హెచ్చరిక.

విస్తరణ శాస్త్రవేత్త చేయదగినది

ఈ సమస్యకు పెద్ద నిధులు అవసరం లేదు. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, రైతు సేవా కేంద్రంలోనూ ఆరు చిన్న గాజు సీసాలు ఉంచవచ్చు. జీలకర్ర, కారవే, బునియం, నైజెల్లా, సోపు, అడవి జీలకర్ర. ప్రతి సీసా మీద తెలుగు వాడుక పేర్లన్నీ, వాటి కింద తెలుగు లిపిలో శాస్త్రీయ నామం, కుటుంబం రాయాలి. అడవి జీలకర్ర సీసా మీద వంటకు పనికిరాదన్న హెచ్చరిక ఎర్ర అక్షరాలలో ఉండాలి. పక్కన ఒక చేతి కటకం ఉంచితే ప్రదర్శన పూర్తవుతుంది. నమూనాలను విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర నిపుణులు ధృవీకరించిన తరువాతనే సీసాలో పోయాలి. తప్పు పేరు గల నమూనా అసలు నమూనా లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

రైతు ఫోనులో ప్రశ్న అడిగినప్పుడు మొక్క పేరు అడగటంతో ఆగక, గింజను తెల్ల కాగితం మీద పోసి, పక్కన ఒక కొలబద్ద ఉంచి తీసిన చిత్రం పంపమనడం మంచి అలవాటు. నూగు ఉన్నదా, గింజ వంగి ఉన్నదా, రెండుగా విడిపోయిందా, నలిపితే ఏ వాసన వస్తున్నది అన్న నాలుగు ప్రశ్నలతో చాలా సందేహాలు తీరుతాయి. కరపత్రాలలోనూ ఆకాశవాణి ప్రసంగాలలోనూ నల్ల జీలకర్ర అన్న పదాన్ని ఒంటరిగా వాడకుండా, కలోంజి అనో బునియం షాజీరా అనో వివరించడం శాస్త్రవేత్తలు తమకు తాము విధించుకోవలసిన నియమం. పరిశోధన విద్యార్థులు తమ వ్యాసాలలో వాడిన నమూనాను ఎక్కడ కొన్నదీ, ఎవరు గుర్తించినదీ నమోదు చేసి, కొంత భాగాన్ని భద్రపరచడం తప్పనిసరి కావాలి.

వాడుక పేర్లను తుడిచివేయడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. షాజీరా అన్న మాటలో బిర్యానీ చరిత్ర ఉన్నది, నల్ల జీలకర్ర అన్న మాటలో ఇంటి వైద్యపు జ్ఞాపకం ఉన్నది. ఆ పేర్లను అలాగే ఉంచి, ప్రతి పేరు వెనుక ఉన్న గింజను అరచేతిలో పోసి చూపగలగాలి. నక్కపల్లి పెళ్ళి పందిరిలో తమలపాకులోకి చేరే జీలకర్ర విషయంలో ఎవరూ పొరబడరు, ఎందుకంటే ఆ గింజ తరతరాలుగా చేతిలో మెలగినది. మిగిలిన ఐదు గింజలతోనూ ఆ పాటి పరిచయం కల్పిస్తే, వంటింటికీ వైద్యానికీ పొలానికీ సంబంధించిన ఆ మూడు సందేహాలకూ రైతు కుటుంబమే సమాధానం చెప్పుకోగలదు.